ఫ్లోరా ఇంగ్లీషులో చెప్పిన సాక్ష్యం

ముప్పై రెండేళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనదాన్ని నేను. ఆనందకుమారి టీచరు దగ్గర టెన్సులు రాకుండా బయటపడిన పిల్ల విడవలూరు చుట్టుపక్కల లేదని గొప్పలు పోతా ఉండేదాన్ని. ఆ గొప్ప పోయినేడు ఫ్లోరా చేతిలో పోయింది. ఎట్టా పోయిందో చెప్తాను, నవ్వుకుంటే నవ్వుకోండి. ఈ వయసులో నాకేం సిగ్గు లేదు.

ఫ్లోరాది మా చర్చి వీధిలో మూడో ఇల్లు. ముప్పై తొమ్మిదేళ్లుంటాయి. మొగుడు సుశీల్ కుమార్ అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద కాపలా ఉంటాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. ఇంట్లో మిగిలింది అత్త ముసలమ్మ. పేరుకు తగ్గట్టు ముసలిదే గానీ నోరు మాత్రం ఇరవై ఏళ్ల పడుచుది. ఫ్లోరా పది పాసై చదువు ఆపేసింది. పదకొండేళ్లుగా ఊరి బయట రొయ్యల కంపెనీలో పని. రొయ్య తల తీసి, పొట్టు ఒలిచి, మళ్లీ ఐసు నీళ్ల టబ్బులో వెయ్యాల. పొద్దున ఏడింటికి చేతులు ఆ నీళ్లల్లో పెడితే సాయంత్రానికి గానీ తీయడానికి లేదు. గ్లౌజులిస్తారు, కాదనను. కానీ గ్లౌజు వేసుకుంటే రొయ్య జారిపోతుంది, పని సాగదు. అందుకని అందరూ వేళ్ల చివర్లు కత్తిరించి వేసుకుంటారు. అంటే వేసుకోనట్టే లెక్క.

ఒక రోజు సాయంత్రం నేను ముంగిట్లో కూర్చొని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తా ఉంటే వచ్చింది.

"టీచరమ్మా, నాకు ఇంగ్లీషు కావాల," అనింది.

"ఎందుకే ఇప్పుడు? రొయ్యలతో మాట్లాడతావా?"

నవ్వలేదు. నా ఎదురుగా కూర్చొని రెండు చేతులూ చాటలో చిక్కుడుకాయల మీద పెట్టింది. అమ్మో, అవి చేతులా! వేళ్లు నాని నాని తెల్లగా పాలిపోయినాయి. సందుల్లో చర్మం పగిలి ఎర్రగా ఉంది. రెండు గోళ్లు నల్లబడినాయి. రోజూ చూసే మనిషే, నేను ఏనాడూ ఆమె చేతుల వంక చూడలేదని అప్పుడు తెలిసింది నాకు. చాలా బాధేసింది.

"నెల్లూరులో డాక్టరమ్మ చెప్పేసింది టీచరమ్మా. ఇంకా ఐసులో పెడితే ఈ చేతులు నీకు మిగలవు అని. పని మానుకోమంటాది. ఎట్టా మానేది? నాకు తెలిసిందల్లా ఆ కంపెనీ ఒక్కటే."

సంగతేమంటే, కంపెనీలో సూపర్వైజరు ఉద్యోగం ఒకటి కొత్తగా పెట్టినారు. థర్మామీటరూ రిజిస్టరూ పట్టుకొని నాలుగు లైన్లూ తిరగడమే పని, చేతులు ఐసులో పెట్టేది లేదు. ఫ్లోరా ఇప్పటికే తన లైనుకి లీడరు. ఒలుపుడు మానలేదు గానీ, దాంతో పాటు అరగంటకోసారి టబ్బులో నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో రాసే పని కూడా ఆమెదే. నాలుగు డిగ్రీలు దాటితే రొయ్య చెడిపోతుందంట. కాబట్టి ఈ కొత్త ఉద్యోగం ఆమెకి బాగా తెలిసిన పనే. చిక్కల్లా ఇంగ్లీషు దగ్గర. ఏడాదికోసారి కొచ్చి నుంచి ఒక ఇన్‌స్పెక్షన్ మేడం వస్తుంది. ఆవిడకి తెలుగు రాదు. సూపర్వైజరుని ఒక్కదాన్నే కూర్చోబెట్టుకొని అడుగుతుంది, మేనేజరు పక్కన ఉండకూడదు. ఫ్లోరా జవాబు చెప్పగలిగితే ఉద్యోగం ఆమెది, లేకపోతే నెల్లూరు నుంచి డిగ్రీ చదివిన పిల్లని తీసుకొస్తానన్నాడు మేనేజరు జయకుమార్. ఏడు వారాలు గడువు.

"మాటలు చానా వచ్చు టీచరమ్మా," అనింది ఫ్లోరా. "కానీ జయకుమార్ సారు టెన్సులు నేర్చుకోని రమ్మన్నాడు."

ఆయనకి టెన్సుల మీద అంత పట్టుదల ఎందుకొచ్చిందో అప్పుడే చెప్పింది. ముందటేడు ఆ మేడం ఒక లైన్ లీడరుని డ్రైనేజీ సంగతి అడిగిందంట. ఆ అమ్మాయి, మూడు నెలల కిందటే బాగుచేయించిన గొట్టాన్ని పట్టుకొని 'పైప్ ఈజ్ లీకింగ్' అనేసింది. మేడం పలకలన్నీ లేపించి, గొట్టాలన్నీ విప్పించి, టార్చిలైటు వేసుకొని చూసింది. ఒక పూట పని నిలిచిపోయింది.

"ఏడు వారాలెందుకే, నాలుగు చాలు," అన్నాను నేను. అట్టాంటి మాటలకే నేను పెట్టింది పేరు.

మరుసటి రోజే మొదలుపెట్టినాం. అటక మీద నుంచి నా పన్నెండు గళ్ల టెన్సుల చార్టు దింపినాను. బట్ట మీద అతికించింది, అంచులు పురుగు కొట్టింది గానీ అక్షరాలు గట్టిగానే ఉన్నాయి. దాన్ని గోడకి తగిలించి, స్కేలు పట్టుకొని నిలబడినాను.

"నిన్న ఏం చేసినావు? ఇంగ్లీషులో చెప్పు."

"యెస్టర్‌డే ఐ యామ్ పీలింగ్."

"రేపేం చేస్తావు?"

"టుమారో ఐ యామ్ పీలింగ్."

"రోజూ ఏం చేస్తావే మరి?"

"డెయిలీ ఐ యామ్ పీలింగ్. నిజమే కదా టీచరమ్మా, నేనెప్పుడూ ఒలస్తానే ఉండాను!" అని పకపకా నవ్వింది.

నాకు ఒళ్లు మండింది. స్కేలు బల్ల మీద కొట్టినాను. పన్నెండు గళ్లూ వరసగా అప్పజెప్పించినాను. అప్పజెబుతుంది, ఎందుకు చెప్పదు! ఒక్క గడి తప్పకుండా చెప్పి, ఇంటికి పోతా గేటు దగ్గర తిరిగి "ఓకే టీచర్, టుమారో ఐ యామ్ కమింగ్" అనేది. నా తల ప్రాణం తోకకొచ్చేది. మూడు వారాలు ఇదే వరస. ఆ చార్టు పెట్టుకొని రెండు వేల మంది పిల్లల్ని పాస్ చేయించినాను, ఈమె ఒక్కతీ నన్ను ఫెయిలు చేసేట్టుందే అని భయం పట్టుకుంది. ఒక రోజు కోపం ఆపుకోలేక "నీకు ఇంగ్లీషు రాదు, ఐసే నీకు రాసిపెట్టినారు పో" అనేసినాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఫ్లోరా చేతులు కొంగు కింద దాచుకొని వెళ్లిపోయింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

పొద్దున్నే ముసలమ్మ మా గేటు ముందర నిలబడి వీధంతా వినేట్టు అందుకుంది. "ఏంది టీచరమ్మా, మా కోడలికి ఏం మందు పెట్టినావు? పొయ్యి దగ్గర పన్నెండు గళ్లంటా, హ్యాడ్ బీన్ అంటా, కూర మాడ్చేసింది!" ఫ్లోరా నా మీద అలగలేదని, ఇంకా చదువుతా ఉందని తెలిసి ప్రాణం లేచొచ్చింది నాకు.

ఆ వారం ఆదివారం చర్చిలో జరిగింది అసలు సంగతి. మా చర్చిలో పాటలైనాక సాక్ష్యాలుంటాయి. వారంలో దేవుడు తమకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. దానికొక పద్ధతుంది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, పాలు తాగే వయసు నుంచీ వింటా పెరుగుతాం కాబట్టి అందరికీ వచ్చు. ముందు సంఘానికి వందనాలు చెప్పాల. ఆ తర్వాత తన తప్పు చెప్పుకోవాల, నేను ముందు ఇట్టా ఉండేదాన్ని అని. ఆ పైన, ఫలానా రోజు ఇట్టా జరిగింది, అప్పట్నించి నేను ఇట్టా ఉన్నాను, ఇక మీదట ఇట్టా ఉంటాను. తప్పు చెప్పకుండా నేరుగా మేలుకి దిగితే మావాళ్లు దాన్ని సాక్ష్యమనరు. గొప్పలు చెప్పుకుంటా ఉందంటారు.

ఆ రోజు ఫ్లోరా లేచింది.

"సంఘానికి వందనాలు. నేను మా అత్తతో మూడు నెలలు మాట్లాడలేదు. నా కొత్త కుక్కరు ఆమె కోట ఊళ్లో ఉండే చెల్లెలికి ఇచ్చింది, అడుగు మాడ్చి పంపించినారు. నేను అన్నం గిన్నె ఆమె ముందర విసురుగా పెట్టేదాన్ని."

"విజిలు కూడా పోగొట్టినారు, అది కూడా చెప్పు!" అనింది ముసలమ్మ ఆడవాళ్ల వైపు నుంచి. చర్చంతా నవ్వులు. పాస్టరు గారు పుస్తకం అడ్డం పెట్టుకున్నారు.

"పోయిన మంగళవారం మా అత్తకి జ్వరం వచ్చింది. గంజి కాచి తాగించినాను. ఆమె నా చేతులు చూసి ఏడిచింది. నూనె రాసింది. అప్పట్నించి మేము మంచిగా ఉండాం. ఇంక ఎప్పుడూ ఆమెతో మాట్లాడకుండా ఉండను."

నేను ఉన్నచోటే నెత్తి మీద ఒకటి కొట్టుకున్నాను. పక్కన కూర్చున్నావిడ దోమ అనుకున్నట్టుంది. ఉండేదాన్ని, జరిగింది, అప్పట్నించి ఉండాం, ఇక మీదట ఉండను. ఒక్కటీ ముందువెనకలు కాకుండా, తడుముకోకుండా, నూటయాభై మంది ముందర చెప్పింది ఈ మనిషి. నేనేమో ఆమెకి గోడ మీద గళ్లు చూపిస్తా ఉన్నాను మూడు వారాలుగా! నా చదువు తగలెయ్య!

సోమవారం చార్టు చుట్టి అటకెక్కించినాను.

"కూర్చో. ఆ కుక్కరు సాక్ష్యం ఇంగ్లీషులో చెప్పు," అన్నాను.

కాసేపు కళ్లు మూసుకుంది. తర్వాత మెల్లగా వచ్చింది. "ఐ వాజ్ నాట్ టాకింగ్ టు మై మదర్ ఇన్ లా. లాస్ట్ ట్యూజ్‌డే షి గాట్ ఫీవర్. ఐ గేవ్ గంజి. సిన్స్ దట్ డే వి హావ్ బీన్ గుడ్. ఐ విల్ నెవర్ ఫైట్ విత్ హర్."

"చివరిది అబద్ధం. కానీ ఇంగ్లీషు కరెక్టు," అన్నాను. ఇద్దరం కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వినాం.

ఇక చూడండి. రోజుకు రెండు సాక్ష్యాలు. గంబూట్ల మీద సాక్ష్యం, క్లోరిన్ నీళ్ల మీద సాక్ష్యం, నేలకి బ్రష్ కొట్టడం మీద సాక్ష్యం. ముందు ఎట్టా ఉండేది, ఒకనాడు ఏం జరిగింది, అప్పట్నించి ఎట్టా ఉంది, ఇక మీదట ఎట్టా ఉంటుంది. ఐదో వారానికి నన్నే ఆపి, "టీచరమ్మా, మీరు హ్యాజ్ అనాల అక్కడ" అనే స్థితికొచ్చింది. నా ఛాతీ ఉబ్బిపోయింది. ఇన్ని సాక్ష్యాలు చెప్పించినాను గానీ, ఒక్క ముక్క ఆమెకి చెప్పడం మర్చిపోయినాను. ఆ మాట ఇన్‌స్పెక్షన్ రోజు దాకా నా బుర్రకి తట్టలేదు.

ఆ రోజు పొద్దున ఫ్లోరా మా గేటు పట్టుకొని నిలబడింది. ఒక్కదాన్నే పోలేను, మీరూ రావాలంటుంది. సరేనని నేనూ ఆటో ఎక్కినాను. కంపెనీలో ఆఫీసు గది బయట నాకొక కుర్చీ వేసినారు. పక్క కుర్చీలో జయకుమార్. నలభై ఏళ్ల మనిషి, గోళ్లు కొరుక్కుంటా ఉన్నాడు. లోపల ఏసీ పనిచెయ్యక తలుపు తెరిచే పెట్టినారు, అన్నీ వినబడతా ఉన్నాయి. మేడం గొంతు నెమ్మదైనదే. పేరడిగింది, ఎన్నేళ్లుగా చేస్తున్నావని అడిగింది. "ఐ హావ్ వర్క్‌డ్ హియర్ ఫర్ లెవెన్ ఇయర్స్, మేడం" అనింది ఫ్లోరా. నేను జయకుమార్ వైపు చూసినాను, చూసినావా అన్నట్టు. అతను నాకు దండం పెట్టినాడు.

తర్వాత మేడం అడిగింది. టబ్బుల్లో నీళ్ల చల్లదనం ఎట్టా చూస్తారు?

ఫ్లోరా గొంతు సవరించుకుంది. "గ్రీటింగ్స్ టు యు, మేడం," అనింది. అయ్యో, ఈమె సాక్ష్యానికి లేచింది!

ఆమె ఇంగ్లీషులో చెప్పింది తెలుగులో ఇదీ: "ముందు మేము చూసేవాళ్లం కాదు. రిజిస్టరు మాత్రం రాసేవాళ్లం. చేతులు తడి, రొయ్యలు వచ్చి పడతా ఉంటాయి, అరగంటకోసారి తుడుచుకొని ఎవరు రాస్తారు? పొద్దున్నే కూర్చొని సాయంత్రం ఐదు దాకా నాలుగు, నాలుగు, నాలుగు అని రాసేసేదాన్ని. పోయిన మే నెల చివర్లో ఒక రోజు ఐసు బండి రాలేదు. నీళ్లు వెచ్చబడినాయి. రిజిస్టర్లో మాత్రం నాలుగు డిగ్రీలుంది, అది నా చేతిరాత. ఆ రొయ్యలు తినేది ఎవురి బిడ్డలో అనుకున్నాను. సిగ్గేసింది. ఆ రోజు నుంచి నా లైన్లో ప్రతి అరగంటకీ థర్మామీటరు పెట్టి చూసినాక రాస్తా ఉన్నాను. ఇక మీదట కూడా చూడకుండా రాయను."

ఒక్క తప్పు లేదు. యూజ్డ్ టు పడాల్సిన చోట యూజ్డ్ టు, హావ్ బీన్ పడాల్సిన చోట హావ్ బీన్. నాలో టీచరేమో ఎగిరి గంతేస్తా ఉంది, మిగతా నేనేమో కుర్చీలోంచి కింద పడేట్టున్నాను. జయకుమార్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ నాలుగులన్నిటి కిందా సంతకం అతనిదే.

"టీచర్ గారూ, ఏం నేర్పినారండీ మీరు?" అన్నాడు నా వైపు తిరిగి.

"టెన్సులే బాబూ," అన్నాను. 

మేడం ఫ్లోరాని బయటకి పంపి, తను తెల్ల కోటు వేసుకొని లోపల షెడ్డులోకి పోయింది. జయకుమార్ వెనకాలే పరిగెత్తినాడు. నేను ఫ్లోరా రెక్క పట్టుకొని గోడ పక్కకి లాక్కుపోయినాను.

"నీకేమన్నా మతి ఉందా? ఆ ముందు సంగతి ఎవరు చెప్పమన్నారే? ఇప్పుడు చేసేది చెప్తే సరిపోదా?"

"చెప్పబోయినాను టీచరమ్మా. ముందు తప్పు చెప్పకుండా తర్వాతది నోట్లోంచి రాలేదు," అని బిక్కమొహం వేసింది. "పోయింది కదా? రేపట్నించి మళ్లీ ఐసేనా?"

ఆమెని తిట్టడానికి నాకు నోరెక్కడిది! ఆ నాలుగు ముక్కల పద్ధతి పట్టుకొని నేర్పింది నేను. ఇది సాక్ష్యం కాదే, ఉద్యోగమే, ఇక్కడ తప్పులు ఒప్పుకోనక్కర్లేదు అని చెప్పాల్సింది కూడా నేనే. ఆ చేతులు రెండూ పట్టుకొని కూర్చున్నాను. అవి చల్లగా, గరుగ్గా ఉన్నాయి. నా మీద నాకే అసహ్యమేసింది.

షెడ్డులో ఏం జరిగిందో తర్వాత అందరూ చెప్పినారు. మేడం ముందు ఫ్లోరా లైనుకి పోయి తన సొంత థర్మామీటరు టబ్బులో పెట్టింది. ఫ్లోరా రాసిందానికీ దానికీ సరిపోయింది. తర్వాత పక్క లైనుకి పోయి రిజిస్టరు తెరిచింది. గోడ గడియారంలో పదకొండు కావడానికి పది నిమిషాలుంది. రిజిస్టర్లో సాయంత్రం ఐదు దాకా నిండిపోయి ఉంది. మూడు లైన్లలోనూ అంతే.

"సాయంత్రం నీళ్లు ఎట్టా ఉంటాయో మీకు పొద్దున్నే తెలిసిపోతుందా?" అని అడిగిందంట జయకుమార్‌ని. అతను గడియారం ముందుకు తిరగాలని ప్రార్థన చేసుకున్నాడంట, తనే చెప్పినాడు తర్వాత.

గంట తర్వాత ఫ్లోరాకి పిలుపొచ్చింది. నన్ను రావద్దని ఎవరూ అనలేదు, నేనూ దూరినాను. బల్ల మీద ఫ్లోరా రిజిస్టరు తెరిచి ఉంది. మే నెల దాకా నాలుగులే. జూన్ నుంచి మూడున్నర, రెండు పాయింటు ఎనిమిది, ఒకచోట నాలుగు పాయింటు ఆరు, దాని పక్కన 'ఐసు వేసినాము' అని తెలుగులో. మేడం ఆ మాటకి అర్థం అడిగి తెలుసుకుంది. తర్వాత చెప్పింది: "నేను తిరగని కంపెనీ లేదు. ఎక్కడికి పోయినా నాలుగు, నాలుగు, నాలుగే. చూసి రాసిన రిజిస్టరు ఇదొక్కటే కనపడింది నాకు."

అట్టాగని కంపెనీని వదల్లేదు ఆవిడ. తప్పు తప్పుగానే రాసింది, మూడు నెలల్లో మళ్లీ వస్తానంది. అప్పటిదాకా నాలుగు లైన్లలోనూ థర్మామీటరు ఈ ఒక్కామె చేతిలోనే ఉండాలని, ఈమె సంతకం లేని రిజిస్టరు చెల్లదని కాగితం మీద రాసి, ఫ్లోరా పూర్తి పేరు అడిగి మరీ వేసింది.  మిగతా లైన్ లీడర్లు రెండు వారాలు ఫ్లోరాతో మాట్లాడలేదు. రిజిస్టరు రాసే బాధ తమకి తప్పిందని తెలిశాక వాళ్లే వచ్చి టీ పోసిచ్చినారు. మూడు నెలలకి మేడం వచ్చి చూసిపోయింది. ఫ్లోరాకి మెడలో సూపర్వైజరు కార్డు పడింది.

మొన్న నెల మొదట్లో నేను రేషన్ షాపు వరసలో నిలబడి ఉంటే ఫ్లోరా వచ్చింది. పదకొండేళ్లు ఐసులో నాని ఆమె వేళ్ల మీద గీతలన్నీ అరిగిపోయి ఉండేవి. ఏ వేలు పెట్టినా మిషను ఒప్పుకునేది కాదు. అందుకని నెలనెలా ముసలమ్మే వచ్చి వేలుముద్ర వేసేది. ఆ రోజు ముసలమ్మకి మోకాళ్లు పట్టేసి మంచం దిగలేకపోయింది. రేపు ఆటోలో తీసుకొస్తాను, బియ్యం ఉంచమని అడగడానికొచ్చింది ఫ్లోరా.

"ఒకసారి నువ్వే పెట్టి చూడక్కా," అన్నాడు డీలరు.

"నాది పడదబ్బాయా, నీకు తెలీదా?"

"పెట్టు, పోయేదేముంది?"

బొటనవేలు చీరకి తుడుచుకొని పెట్టింది. మిషను ఒక క్షణం ఆలోచించింది. తర్వాత పచ్చలైటు వెలిగి, లోపలి నుంచి ఫ్లోరా పేరుతో చీటీ బయటకొచ్చింది.

"పడిందక్కా," అన్నాడు డీలరు.

ఫ్లోరా కదల్లేదు. వేలు మొహం దగ్గరికి తెచ్చుకొని చూస్తా నిలబడింది. నాకు ఏడుపు ఆగలేదు, కొంగుతో మొహం తుడుచుకున్నాను. వెనక వరసలో వాళ్లు జరగమ్మా జరగమ్మా అంటా ఉన్నారు.

"ఇంకోసారి వెయ్యనా?" అని అడిగింది ఫ్లోరా.

"నెలకి ఒకసారే అక్కా," అన్నాడు డీలరు.